గ్రాఫ్ 22 టైటిళ్లలో చివరికి ఎన్ని మిగులుతాయి?

స్టెఫీ గ్రాఫ్ గురించి మొదలైన ఏ చర్చ అయినా కాసేపటికి మోనికా సెలెస్ దగ్గరికి వెళ్లి ఆగుతుంది. 22 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు, 377 వారాల నెం.1 ర్యాంకు, మొత్తం 107 టోర్నీ విజయాలు, ఆడిన వెయ్యి పైచిలుకు సింగిల్స్ మ్యాచ్‌ల్లో 115 మాత్రమే ఓటములు. ఈ అంకెలను కాదనేవారెవరూ లేరు. వాటి విలువ కట్టే దగ్గరే పేచీ. 1993 ఏప్రిల్ 30న హాంబర్గ్‌లో మాగ్దలీనా మలీవాతో క్వార్టర్‌ఫైనల్ ఆడుతున్న సెలెస్, గేముల మధ్య విరామంలో కుర్చీలో కూర్చుని ఉండగా ఒక ప్రేక్షకుడు వెనకనుంచి వచ్చి కత్తితో పొడిచాడు. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. ప్రపంచ నెం.1. ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి ఉంది. పొడిచినవాడు గ్రాఫ్ అభిమాని. గ్రాఫ్‌ను తిరిగి నెం.1 చేయడానికే ఈ పని చేశానని చెప్పాడు. జూన్‌లో గ్రాఫ్ నెం.1 అయింది కూడా. సెలెస్ రెండేళ్లకు పైగా ఆటకు దూరమైంది. ఆ వ్యవధిలో పది గ్రాండ్‌స్లామ్‌లు జరిగితే ఆరు గ్రాఫ్‌కే దక్కాయి. అందుకే ఆమె రికార్డులో కొంత భాగం ఆమె సంపాదించుకున్నది కాదని, సెలెస్ కోర్టులో ఉండి ఉంటే ఈ 22 సగానికి పడిపోయేదని వాదించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఈ వాదం వెనక ఉన్న బాధ న్యాయమైనదే. సెలెస్‌కు జరిగినంత అన్యాయం ఆధునిక క్రీడల్లో మరో ఛాంపియన్‌కు జరగలేదనే నా అభిప్రాయం. కత్తి గాయం ఒక్కటే కాదు, ఆ తర్వాత జరిగినవి కూడా ఆమెను కుంగదీశాయి. హాంబర్గ్ టోర్నీని ఆపకుండా ఫైనల్ దాకా ఆడించారు. ఆమె కోలుకునే వరకు నెం.1 ర్యాంకును కాపాడాలా వద్దా అని అగ్రశ్రేణి క్రీడాకారిణులను అడిగితే, తటస్థంగా ఉండిపోయిన సబాటిని తప్ప దాదాపు అందరూ వద్దన్నారు. జర్మన్ కోర్టు దాడి చేసినవాడికి జైలు లేకుండా, అమలు నిలిపివేసిన శిక్షతో సరిపెట్టింది. సెలెస్ ఇక జన్మలో జర్మనీలో ఆడనని చెప్పి ఆ మాట మీదే నిలబడింది. ఇవన్నీ టెన్నిస్ వ్యవస్థ, ఒక న్యాయస్థానం జవాబు చెప్పాల్సిన విషయాలు. వాటి బాకీని తీసుకెళ్లి గ్రాఫ్ ఖాతాలో రాయడం సరికాదు. అయితే ‘గ్రాఫ్ తప్పు లేదు’ అనుకున్నంత మాత్రాన ప్రశ్న తీరిపోదు. తప్పు చేయకుండానే లాభపడవచ్చు. కాబట్టి ఎదుటి వాదాన్ని దాని పూర్తి బలంతో ఒప్పుకుని, తీసేయాల్సినవి తీసేసి, ఏం మిగులుతుందో చూడటమే సరైన పద్ధతి. అలా చూస్తే మిగిలేది, 22 అనే అంకె చెప్పేదానికంటే గొప్పగా ఉంటుందని నా వాదన.

ముందు కాలక్రమం సరిగ్గా చూడాలి. గ్రాఫ్ 22లో సరిగ్గా సగం, పదకొండు, హాంబర్గ్ ఘటనకు ముందువే. 1987 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో మార్టినా నవ్రతిలోవాను మూడో సెట్‌లో 8-6తో ఓడించి 18వ పుట్టినరోజుకు ముందే మొదటి టైటిల్ అందుకుంది. ఆగస్టులో నెం.1 అయింది. అక్కడినుంచి 1990 ఫ్రెంచ్ ఓపెన్ దాకా వరుసగా పదమూడు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లు ఆడి తొమ్మిది గెలిచింది. 1988లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లతో పాటు సియోల్ ఒలింపిక్ స్వర్ణం కూడా అదే ఏడాది గెలిచింది. టూర్ సింగిల్స్‌లో ఆడవాళ్లలో గాని మగవాళ్లలో గాని ఇప్పటికీ మరొకరికి అది సాధ్యపడలేదు. ఆ ఏడాది ఫ్రెంచ్ ఫైనల్లో నటాషా జ్వెరెవాను 6-0, 6-0తో ఓడించిన సంగతే ఎక్కువగా చెప్పుకుంటారు గాని, నా దృష్టిలో ఆ సీజన్‌కు తలమానికం వింబుల్డన్ ఫైనల్. వరుసగా ఆరేళ్లు అక్కడ గెలుస్తూ వచ్చిన నవ్రతిలోవా మొదటి సెట్ 7-5తో తీసుకుని రెండో సెట్‌లో 2-0 ఆధిక్యంలో ఉంది. అక్కడినుంచి జరిగిన పదమూడు గేముల్లో పన్నెండు గ్రాఫ్ గెలిచింది. సర్వీస్ చేసి నెట్ దగ్గరికి దూసుకువచ్చే ఆటకు పెట్టింది పేరైన క్రీడాకారిణిని ఆమె సొంత పచ్చిక మీదే, వెనక గీత దగ్గర నిలబడి పాసింగ్ షాట్లతో ఓడించింది. ఎవర్ట్, నవ్రతిలోవాల యుగం ముగిసిందని లోకానికి తెలిసిన రోజు అది. అప్పటికి సెలెస్ ఇంకా ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా గెలవలేదు.

అసలు వాదం మొదలయ్యేది ఇక్కడే. 1990 నుంచి గ్రాఫ్ తగ్గింది, సెలెస్ పెరిగింది. 1991, 92 సంవత్సరాల్లో సెలెస్ ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, యూఎస్ ఓపెన్‌లు మూడూ రెండుసార్లు గెలిచింది. 1991 మార్చిలో నెం.1 స్థానం గ్రాఫ్ చేతినుంచి వెళ్లిపోయింది. ఆ రెండేళ్లలో సెలెస్ మెరుగైన క్రీడాకారిణి అనడంలో నాకు సందేహమే లేదు. దీన్నిబట్టి గ్రాఫ్‌ను సెలెస్ పూర్తిగా అణిచేసిందని, సెలెస్ తప్పుకోవడంతోనే గ్రాఫ్ లేచిందని అందరూ అనుకుంటారు. కానీ ఓటముల జాబితా వేరే కథ చెబుతుంది. 1990 ఫ్రెంచ్ ఓపెన్ నుంచి 1993 ఆస్ట్రేలియన్ ఓపెన్ దాకా గ్రాఫ్ తొమ్మిది గ్రాండ్‌స్లామ్‌లలో ఓడింది. వాటిలో సెలెస్ చేతిలో ఓడినవి మూడే: 1990, 92 ఫ్రెంచ్ ఫైనళ్లు, 1993 ఆస్ట్రేలియన్ ఫైనల్. మిగతా ఆరు ఓటములు ఇతరుల చేతుల్లో. వింబుల్డన్‌లో జీనా గారిసన్, న్యూయార్క్‌లో ఒక ఏడాది సబాటిని, మరో ఏడాది నవ్రతిలోవా, మెల్‌బోర్న్‌లో యానా నొవోత్నా, పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ అరాంచా సాంచెజ్ ఆమెను ఓడించారు. 1991 పారిస్ సెమీస్‌లో సాంచెజ్ చేతిలో ఆమె 6-0, 6-2తో ఓడింది. సెలెస్ అవతల నిలబడక్కర్లేకుండానే గ్రాఫ్ ఓడిపోతున్న రోజులవి. తండ్రి పీటర్ వ్యక్తిగత జీవితం మీద పత్రికల్లో రోజూ రభస, వరుస గాయాలు, అనారోగ్యం, చాలాకాలం వెంట ఉన్న కోచ్ పావెల్ స్లోజిల్ వెళ్లిపోవడం, ఇవన్నీ ఆమె ఆటను దెబ్బతీశాయి. పతనానికి కారణం ఒక్క సెలెస్ కానప్పుడు, పునరుత్థానానికి కారణం ఒక్క సెలెస్ లేకపోవడమే అని ఎలా అంటాం? 1992లో హైన్జ్ గుంటార్ట్ కోచ్‌గా వచ్చాక ఆమె ఆట మళ్లీ గాడిలో పడింది. ఆ ఏడాది వింబుల్డన్ ఫైనల్లో సెలెస్‌నే 6-2, 6-1తో ఓడించింది. అది హాంబర్గ్‌కు పది నెలల ముందు మాట.

ఇద్దరూ నేరుగా తలపడిన లెక్క కూడా చూడాలి. హాంబర్గ్‌కు ముందు పది మ్యాచ్‌లు: గ్రాఫ్ ఆరు, సెలెస్ నాలుగు. అందులో మొదటి మూడు 1989 నాటివి, అప్పుడు సెలెస్ పిల్ల. కాబట్టి వాటిని పక్కన పెట్టడమే న్యాయం. 1990 నుంచి చూస్తే సెలెస్ నాలుగు, గ్రాఫ్ మూడు. పెద్ద మ్యాచ్‌ల్లో సెలెస్‌దే పైచేయి, కానీ వెంట్రుకవాసి తేడాతో. 1990 పారిస్ ఫైనల్ మొదటి సెట్ టైబ్రేక్‌లో గ్రాఫ్ 6-2తో ముందుండి, చేతిలో నాలుగు సెట్ పాయింట్లు ఉంచుకుని 8-6తో పోగొట్టుకుంది. 1992 పారిస్ ఫైనల్ మూడో సెట్ 10-8 దాకా సాగింది. కోర్టులో ఏం జరుగుతోందో దగ్గరగా చూస్తే ఈ పోటీ స్వభావం అర్థమవుతుంది. గ్రాఫ్ ఆట అంతా పాదాల మీద, ఫోర్‌హ్యాండ్ మీద నడిచేది. బ్యాక్‌హ్యాండ్ వైపు వచ్చిన బంతిని కూడా చుట్టూ పరిగెత్తి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టేది. అది కుదరనప్పుడు బంతి కింది భాగాన్ని కోసినట్టు స్లైస్ చేసి, సర్దుకునే సమయం సంపాదించేది. ఎడమచేతి వాటం గల సెలెస్ రెండు వైపులా రెండు చేతులతో కొడుతుంది. బంతి ఎగిరీ ఎగరకముందే కోర్టు లోపలికి వచ్చి అందుకుంటుంది. ఆమె క్రాస్‌కోర్టు కోణాలు గ్రాఫ్‌ను బ్యాక్‌హ్యాండ్ మూలలో ఇరికించి, చుట్టూ పరిగెత్తే ఆ ఒక్క క్షణాన్ని లాగేసుకునేవి. హార్డ్ కోర్టు మీద, మట్టికోర్టు మీద బంతి నడుము ఎత్తుకు లేస్తుంది గనక సెలెస్‌కు అది సరిగ్గా సరిపోయేది. పచ్చిక మీద లెక్క తిరగబడింది. గ్రాఫ్ స్లైస్ చేసిన బంతి లేవకుండా నేలబారుగా జారిపోయేది. రెండు చేతులతో రాకెట్ పట్టుకున్నవాళ్లకు అందుబాటు తక్కువ. మోకాళ్లు వంచి, పక్కకు సాగి ఆ బంతిని ఎత్తాలంటే సెలెస్‌కు కష్టమయ్యేది. 1992 ఫైనల్ ఏకపక్షం కావడానికి అసలు కారణం అదే.

ఇప్పుడు తీసివేతకు వద్దాం. సెలెస్ లేని కాలంలో గ్రాఫ్ గెలిచిన ఆరు: 1993 ఫ్రెంచ్, వింబుల్డన్, యూఎస్, 1994 ఆస్ట్రేలియన్, 1995 ఫ్రెంచ్, వింబుల్డన్. వీటిలో వింబుల్డన్‌లు రెండింటినీ సెలెస్ ఖాతాకు మళ్లించడానికి ఏ ఆధారమూ లేదు. తన జీవితంలో సెలెస్ అక్కడ 1992లో తప్ప మరెప్పుడూ సెమీస్ కూడా చేరలేదు. 1993లో ఆ ట్రోఫీని గ్రాఫ్ చేతినుంచి లాక్కునే దగ్గరికి వచ్చింది నొవోత్నా. మూడో సెట్‌లో 4-1 ఆధిక్యం నుంచి తడబడి ఓడింది. మిగిలిన నాలుగింటినీ తీసేద్దాం. పూర్తిగా, బేరమాడకుండా. ఆ నాలుగూ సెలెస్ తప్పక గెలిచేదనుకుందాం. నిజానికి అది అతిశయోక్తి. ఆమె ఎంత ఆధిపత్యంలో ఉన్నా నాలుగుకు నాలుగూ గెలిచేదని ఎవరూ పూచీ పడలేరు. అయినా తీసేస్తే గ్రాఫ్‌కు 18 మిగులుతాయి. అంటే క్రిస్ ఎవర్ట్, నవ్రతిలోవాల స్థాయి. ఇంకా ముఖ్యమైనది ఆ పద్దెనిమిది ఎలా పరుచుకుని ఉన్నాయన్నది: మెల్‌బోర్న్‌లో మూడు, పారిస్‌లో నాలుగు, వింబుల్డన్‌లో ఏడు, న్యూయార్క్‌లో నాలుగు. ఇంత తీసేశాక కూడా నాలుగు చోట్లా కనీసం మూడేసి టైటిళ్లు. ఎవర్ట్‌కు మెల్‌బోర్న్‌లో రెండే, నవ్రతిలోవాకు పారిస్‌లో రెండే. మహిళల్లో సెరెనా విలియమ్స్, మార్గరెట్ కోర్ట్ మాత్రమే ఆ కొలతకు నిలబడతారు. తీసేయకుండా చూస్తే నాలుగు చోట్లా కనీసం నాలుగేసిసార్లు గెలిచింది ప్రపంచంలో గ్రాఫ్ ఒక్కతే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. సెలెస్ నష్టపోయింది రెండేళ్లు మాత్రమే కాదు; 1995 ఆగస్టులో తిరిగి వచ్చింది పాత సెలెస్ కాదు. కాబట్టి 1995 యూఎస్ ఓపెన్, 1996లో గ్రాఫ్ గెలిచిన మూడు, 1999 ఫ్రెంచ్ కూడా అనుమానంలో పడాల్సినవే అంటారు. సెలెస్ ఆ తర్వాత ఒక్క గ్రాండ్‌స్లామ్ మాత్రమే గెలిచిందన్నది నిజం. భయం, కుంగుబాటు, మనసుకు తగిలిన దెబ్బ, తండ్రి క్యాన్సర్, 1998లో ఆయన మరణం ఆమెను వెంటాడాయి. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ 19 ఏళ్ల వయసులో ఎక్కడుందో చూసి 26 ఏళ్లకు ఎక్కడుండేదో గీత గీసి చెప్పడం మహిళల టెన్నిస్‌లో ఎప్పుడూ నిజం కాలేదు. ట్రేసీ ఆస్టిన్ 18 ఏళ్లకే రెండు యూఎస్ ఓపెన్‌లు గెలిచి, 21 నిండే సరికి గాయాలతో దాదాపు ముగిసిపోయింది. మార్టినా హింగిస్ ఐదు గ్రాండ్‌స్లామ్‌లూ 19 ఏళ్లు నిండకముందే గెలిచి, ఆపైన సింగిల్స్‌లో మరొకటి గెలవలేకపోయింది. గ్రాఫ్ విషయమే తీసుకుంటే, 1989 చివర్లో ఎవరైనా గీత గీసి ఉంటే ఏటా మూడు చొప్పున 1995 నాటికి పాతికకు పైగా గెలిచి ఉండాలి. అలా జరగలేదని మనకు తెలుసు, ఎందుకంటే ఆ సంవత్సరాలు నిజంగా గడిచాయి. సెలెస్ సంవత్సరాలు గడిచే అవకాశాన్నే లాగేశారు. అదే ఆ నేరంలోని అసలు దారుణం. ఆ ఖాళీని మన ఊహతో నింపి, ఆ ఊహనే సాక్ష్యంగా పట్టుకుని ఇంకొకరి మీద తీర్పు చెప్పడం కుదరదు.

గైర్హాజరు లెక్క రెండు వైపులా ఉంటుందన్నది కూడా మర్చిపోకూడదు. సెలెస్ గెలిచిన 1992 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో గ్రాఫ్ అనారోగ్యంతో ఆడలేదు. 1996లో, తిరిగివచ్చాక సెలెస్ సాధించిన ఆ ఒక్క గ్రాండ్‌స్లామ్‌లోనూ గ్రాఫ్ గాయంతో లేదు. ఫైనల్లో ఎదురైంది మరో జర్మన్ అమ్మాయి ఆంకె హూబర్. ఆ టైటిళ్ల విలువ తగ్గిందని ఎవరూ అనరు, అనకూడదు కూడా. గాయం వేరు, కత్తిపోటు వేరు అంటే ఒప్పుకుంటాను. నైతికంగా ఆ రెండింటికీ పోలికే లేదు. కానీ మనం అడుగుతున్నది టైటిల్ విలువ గురించి. గెలిచినవారు తమ ఎదుట నిలబడ్డవారిని ఓడించారా లేదా అన్నదే అక్కడ కొలత. ఆ ఖాళీ గ్రాఫ్ ఒక్కదానికే దొరికిన వరం కాదు. సాంచెజ్, కొంచిటా మార్టినెజ్, మేరీ పియర్స్, సబాటిని, నొవోత్నా అందరికీ అదే అవకాశం ఉంది. ముగ్గురు దాన్ని వాడుకున్నారు కూడా: 1994 మెల్‌బోర్న్ తర్వాత వరుసగా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు గ్రాఫ్‌కు దక్కలేదు. ఆ ఏడాది వింబుల్డన్ మొదటి రౌండ్‌లోనే లోరీ మెక్‌నీల్ ఆమెను ఇంటికి పంపింది. ఎదురులేని రాజ్యం అయితే అలా జరిగేది కాదు.

నాలుగు చోట్లా గెలవడం గురించి పైన ప్రస్తావించాను. ఇప్పటి టెన్నిస్ చూసే వాళ్లకు దాని కష్టం పూర్తిగా తెలియకపోవచ్చు గనక ఇంకొంచెం చెప్పాలి. గ్రాఫ్ ఆడిన కాలంలో కోర్టుల మధ్య తేడా చాలా ఎక్కువ. వింబుల్డన్ తన పచ్చికను పూర్తిగా రై గడ్డికి మార్చింది 2001లో. అంతకుముందు అక్కడ బంతి వేగంగా, కిందుగా, ఎటు తిరుగుతుందో తెలియకుండా వచ్చేది. పారిస్ ఎర్రమట్టి మీద అదే బంతి నెమ్మదిగా, ఎత్తుగా లేచేది. రెంటికీ మధ్య వ్యవధి అప్పట్లో రెండే వారాలు; మూడు వారాలైంది 2015 నుంచి. ఫైనల్ దాకా జారుతూ మట్టిలో ఆడి, పదిహేను రోజుల్లో వంగి, చిన్న అడుగులతో పచ్చిక మీద ఆడటం నేర్చుకోవాలి. ఒకే ఏడాది ఈ రెండూ గ్రాఫ్ నాలుగుసార్లు గెలిచింది: 1988, 93, 95, 96. పురుషుల టెన్నిస్‌లో బోర్గ్‌కు మూడుసార్లే సాధ్యమైంది. నవ్రతిలోవాకు, సెరెనాకు రెండేసిసార్లు. పైన చేసిన తీసివేతను ఇక్కడా పాటిస్తే గ్రాఫ్‌కు కూడా రెండే మిగులుతాయి, ఆ సంగతి దాచను. కానీ ఆ మిగిలిన రెంటిలో 1996 నాటిది సెలెస్ పారిస్‌లోనూ లండన్‌లోనూ ఆడిన ఏడాది. ఆమె పారిస్ క్వార్టర్స్‌లో నొవోత్నా చేతిలో ఓడింది, వింబుల్డన్‌లో రెండో రౌండ్ దాటలేదు.

ఆ 1995, 96 సీజన్లను జాలితో కాకుండా ఆటగా చూస్తే గ్రాఫ్ ఎంతటి క్రీడాకారిణో తెలుస్తుంది. వెన్నునొప్పి అప్పటికే దీర్ఘకాలికమైంది. 1995 ఆగస్టులో పన్ను ఎగవేత కేసులో తండ్రిని అరెస్టు చేశారు. చిన్నప్పుడు రాకెట్ చేతికిచ్చిన మనిషి జైల్లో ఉండగా, తనమీదా విచారణ సాగుతుండగా ఆమె న్యూయార్క్ వెళ్లింది. అక్కడ ఫైనల్లో సెలెస్. మొదటి సెట్ టైబ్రేక్‌లో 6-5 దగ్గర సెలెస్ కొట్టిన సర్వీస్ ఏస్ అనిపించింది, బయట పడిందని ప్రకటించారు. ఆ సెట్ గ్రాఫ్‌కు దక్కింది. రెండో సెట్ 6-0తో సెలెస్ తీసుకుంది. మూడోది 6-3తో గ్రాఫ్. ఇద్దరూ తమ తమ గాయాలతో వచ్చిన ఫైనల్ అది. అంతకు రెండు నెలల ముందు వింబుల్డన్ ఫైనల్ మూడో సెట్ 5-5 దగ్గర సాంచెజ్ సర్వీస్ గేమ్ ఇరవై నిమిషాలు నడిచింది. 32 పాయింట్లు, పదమూడుసార్లు డ్యూస్. ఆ గేమ్‌ను బ్రేక్ చేసి, తర్వాతి గేమ్‌లో మ్యాచ్ ముగించింది గ్రాఫ్. ఎదురులేక గెలిచిందని చెప్పే సంవత్సరంలో ఆమె గెలిచింది ఇలాంటి మ్యాచ్‌లు. 1996 పారిస్ ఫైనల్ కూడా అదే సాంచెజ్‌తో 10-8 దాకా సాగింది.

1997లో మోకాలి శస్త్రచికిత్స జరిగాక ఆమె పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. హింగిస్, డావెన్‌పోర్ట్, విలియమ్స్ అక్కచెల్లెళ్లు వచ్చేశారు. 1999 జనవరిలో మెల్‌బోర్న్‌లో సెలెస్ ఆమెను 7-5, 6-1తో ఓడించింది. మే నెలలో పారిస్ వచ్చేటప్పటికి గ్రాఫ్ అక్కడ గెలిచి మూడేళ్లయింది, ముప్ఫై నిండడానికి కొన్ని రోజులే ఉంది. క్వార్టర్స్‌లో నెం.2 డావెన్‌పోర్ట్‌ను, సెమీస్‌లో నెం.3 సెలెస్‌ను, మొదటి సెట్ పోయాక వెనక్కి తిరిగి, ఓడించింది. ఫైనల్లో నెం.1 హింగిస్ మొదటి సెట్ గెలిచి, రెండో సెట్‌లో 5-4 దగ్గర మ్యాచ్ కోసం సర్వీస్ చేసింది. గ్రాఫ్ ఆ గేమ్ తీసుకుంది, సెట్ 7-5తో, మూడోది 6-2తో గెలిచింది. ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి ముగ్గురినీ ఒకే గ్రాండ్‌స్లామ్‌లో ఓడించడం ఓపెన్ యుగంలో అదే మొదటిసారి. వాళ్లలో ఒకరు నాలుగు నెలల కిందట తనను చిత్తు చేసిన సెలెస్ కూడాను. వింబుల్డన్ ఫైనల్ కూడా చేరి డావెన్‌పోర్ట్ చేతిలో ఓడింది. ఆగస్టు 13న, ప్రపంచ నెం.3గా ఉండగానే, ఇక ఆడనని ప్రకటించింది. ఎన్ని రకాలుగా తీసివేతలు చేసినా 1999 పారిస్‌ను అందులో కలపడానికి నాకు దారి కనిపించలేదు.